మంచం పక్కన నిలబడ్డ చిన్న డాక్టరుకూ భయమే

పెద్ద ఆస్పత్రిలో పడుకున్న ప్రతి రోగికీ ఇది తెలిసిన దృశ్యమే. ఉదయం తొమ్మిది గంటల సమయం. తెల్లకోటు వేసుకున్న ఇరవై ఏళ్ళ అబ్బాయో, అమ్మాయో మంచం దగ్గరికి వస్తారు. మెడలో కొత్త స్టెతస్కోపు, చేతిలో చిన్న నోటు పుస్తకం. "మీ పేరేమిటండీ? ఏ ఊరు? ఏం ఇబ్బందిగా ఉంది?" అని మొదలుపెడతారు. నిన్న డాక్టరు గారు అడిగినవి, రాత్రి నర్సు గారు అడిగినవి మళ్ళీ మొదటి నుంచి అడుగుతారు. రోగికి విసుగు వస్తుంది. వెంట వచ్చిన వారికి అనుమానం వస్తుంది. "వీళ్ళు నిజంగా డాక్టర్లేనా? మా నాన్న మీద చదువు నేర్చుకుంటున్నారా?" అని గొణుక్కుంటారు.

సంగం జాగర్లమూడిలో రైలెక్కి గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళినవారికీ, రేపల్లె, బాపట్ల వైపు నుంచి తెనాలి మీదుగా అక్కడికి చేరినవారికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. అయితే ఆ సమయంలో ఆ విద్యార్థి మనసులో ఏముంటుందో మనలో చాలామందికి తెలియదు. మీరు వారిని చూసి బెరుకుపడితే, వారు మిమ్మల్ని చూసి అంతకంటే ఎక్కువ బెరుకుపడతారు. ఈ బెరుకు రెండు వైపులా అలాగే ఉండిపోతే చెప్పవలసిన మాట చెప్పకుండా, అడగవలసిన మాట అడగకుండా పోతుంది. దానివల్ల ముందుగా నష్టపోయేది రోగే. అందుకే ఈ సంగతి రోగులూ, వారి కుటుంబాలూ తెలుసుకోవడం మంచిది.

వీరు ఎవరు?

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు. ఆ తరువాత ఒక సంవత్సరం ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా పని చేయాలి. మొదటి సంవత్సరంలో ఎక్కువగా శరీర నిర్మాణం, శరీరం పని చేసే తీరు చదువుతారు. రెండో సంవత్సరం నుంచి వార్డుల్లో రోగుల దగ్గరకు క్రమంగా వస్తారు. విద్యార్థి సొంతంగా మందు రాయడు, ఆపరేషన్ నిర్ణయించడు. ఆ పని పెద్ద డాక్టర్లది. హౌస్ సర్జన్ కూడా వారి పర్యవేక్షణలోనే పని చేస్తాడు.

మన ప్రాంతంలో ఈ చదువుకు పాత చిరునామా గుంటూరు వైద్య కళాశాల. అది 1946లో మొదలైంది. అక్కడి విద్యార్థులు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో రోగుల మధ్యనే పని నేర్చుకుంటారు. 2000 తరువాత చుట్టుపక్కల ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. 2018లో మంగళగిరి ఎయిమ్స్ తొలి విద్యార్థులను చేర్చుకుంది. కాబట్టి మన మంచం పక్కన విద్యార్థి కనిపించడం ఇకముందు ఇంకా ఎక్కువవుతుంది.

వారి భయాలు ఏమిటి?

గుండె ఎలా కొట్టుకుంటుందో పుస్తకంలో ఉంటుంది. గుండె జబ్బుతో పడుకున్న పెద్దాయనతో మాట ఎలా కలపాలో అందులో ఉన్నా, చదివితే రాదు. వార్డులో అడుగుపెట్టే విద్యార్థిని పీడించే భయాలు ముఖ్యంగా ఇవి.

మొదటిది, "నా వల్ల ఈయనకు ఏం ఉపయోగం?" అన్న భయం. రోగి నొప్పితో ఉన్నాడు. తాను మందు ఇవ్వలేడు. తన చదువు కోసం ఆయన్ను లేపి కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నాడు. ఇది తప్పేమో అని మంచి మనసున్న విద్యార్థికి తప్పక అనిపిస్తుంది.

రెండోది, సిగ్గు. నెలసరి గురించి, మూత్ర విరేచనాల గురించి, తాగుడు గురించి, భార్యాభర్తల సంబంధం గురించి తల్లిదండ్రుల వయసు వారిని అడగాలి. ఇంట్లో ఎన్నడూ పలకని మాటలు వార్డులో అందరి మధ్య పలకాలి.

మూడోది, జవాబు తెలియని ప్రశ్న. "బాబూ, నాకు తగ్గుతుందా?" అని రోగి చేయి పట్టుకుని అడిగితే ఏం చెప్పాలి? తగ్గుతుందంటే అబద్ధమవుతుందేమో. తెలియదంటే ఆయన ధైర్యం పోతుందేమో.

నాలుగోది, కన్నీళ్ళు, కోపం. ఎదుటి మనిషి ఏడిస్తే ఊరుకోబెట్టాలా, మౌనంగా కూర్చోవాలా తెలియదు. బంధువులు కేకలు వేస్తే కాళ్ళు వణుకుతాయి. వైద్యుల మీద దాడులను అరికట్టడానికి మన రాష్ట్రంలో 2008లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చిందంటే, ఈ భయం ఊరికే పుట్టినది కాదని అర్థం చేసుకోవచ్చు.

ఐదోది, వెనక నిలబడ్డ ప్రొఫెసరు. రోగి చెప్పిందంతా తెలుగులో వింటారు, కాసేపటికి దాన్ని ఇంగ్లీషులో ప్రొఫెసరు గారికి అప్పజెప్పాలి. పట్నంలో ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు రోగి మాటలు అర్థం కావు. పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లలకు రోగి మాట బాగా అర్థమవుతుంది గాని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు నోరు తడారిపోతుంది. ఇద్దరిదీ భయమే, కారణాలు వేరు.

మాటకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు?

"రక్తపరీక్షలు, స్కానింగులు ఉన్నాయి కదా, ఇంకా ఈ ప్రశ్నలు దేనికి?" అని కొందరు అడుగుతారు. 1975లో ఇంగ్లండులో కొందరు వైద్యులు ఒక పరిశీలన చేశారు. కొత్తగా వచ్చిన 80 మంది రోగుల్లో 66 మందికి, ముందు చూసిన డాక్టరు రాసిన ఉత్తరం చదివి, రోగి చెప్పింది వినడంతోనే జబ్బు ఏమిటో సరిగ్గా తేలింది. ఒంటిని పరీక్షించడం వల్ల అభిప్రాయం మారింది 7గురి విషయంలో. ల్యాబు పరీక్షల వల్ల మారింది మరో 7గురి విషయంలో. యంత్రాలు ఆనాటికంటే ఎంతో పెరిగినా, ఏ పరీక్ష చేయించాలో తేల్చేది ఈనాటికీ రోగి చెప్పే మాటే.

మన దగ్గర ఉన్న కొరత సమయం. 2017లో ఒక వైద్య పత్రికలో 67 దేశాల లెక్కలు వచ్చాయి. ప్రాథమిక వైద్యం దగ్గర డాక్టరు ఒక రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటితే, మన దేశంలో సుమారు 2 నిమిషాలే. 1984లో అమెరికాలో చేసిన మరో పరిశీలనలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నట్టు తేలింది. అడ్డు తగలకపోతే రోగి గంటలకొద్దీ చెబుతాడా? 2002లో స్విట్జర్లాండులో అదీ చూశారు. ఆపకుండా వింటే రోగులు సగటున ఒకటిన్నర నిమిషంలో చెప్పవలసింది చెప్పి ముగించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పెద్ద డాక్టరుకు లేని సమయం విద్యార్థికి ఉంటుంది. అతడు మీ దగ్గర అరగంట కూర్చోగలడు. హడావుడిలో మీరు చెప్పలేకపోయిన మాట, ఇతరులు అడగని మాట అతడి దగ్గర బయటపడవచ్చు. అతడు దాన్ని పెద్ద డాక్టరుకు చేరవేస్తే వైద్యం తీరే మారవచ్చు.

చెప్పని మాట, అడగని మాట

ఒక ఉదాహరణ చూద్దాం. పొలం పని చేసే ఒకామె వారం రోజులుగా జ్వరంతో ఆస్పత్రికి వచ్చిందనుకోండి. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు. జ్వరం మాత్రం తగ్గడం లేదు. ఇలాంటి జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ ఒకటి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుట్టడం వల్ల ఇది వస్తుంది. ఆ పురుగు కంటికి ఆనదు. అది కుట్టినచోట చాలామందికి నల్లటి పెచ్చు కడుతుంది, సిగరెట్‌తో కాల్చిన మచ్చలా ఉంటుంది. ఆ పెచ్చు కనబడితే జబ్బు దాదాపు తెలిసిపోయినట్టే. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

చిక్కంతా ఆ పెచ్చు ఉండే చోటుతోనే. అది ఎక్కువగా చంకల్లో, నడుం దగ్గర, రొమ్ముల కింద, గజ్జల్లో ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియకపోవచ్చు. తెలిసినా సిగ్గుపడి చెప్పకపోవచ్చు. విద్యార్థి "ఒంటి మీద ఎక్కడైనా పుండు గాని మచ్చ గాని ఉందా అమ్మా? ఒకసారి చూడనిస్తారా?" అని అడగడానికి సిగ్గుపడితే, ఆమె చెప్పడానికి సిగ్గుపడితే, వందల రూపాయల పరీక్షలు జరుగుతాయి గాని జబ్బు దాగే ఉంటుంది. పదిమంది మధ్య కాకుండా తెర వేసి, పక్కన ఒక నర్సును గాని ఇంటి ఆడమనిషిని గాని ఉంచుకుని అడిగితే చాలు. ఒక్క ప్రశ్న ఒక ప్రాణం కాపాడుతుంది. మాట్లాడడం నేర్చుకోవడం అంటే మర్యాద ఒక్కటే కాదు, అదీ వైద్యమే అని విద్యార్థికి అర్థమయ్యేది ఇలాంటి చోటనే.

సిగ్గు వైద్యులకు కొత్త కాదు. 1816లో ప్యారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీ మీద చెవి ఆనించి వినడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి దాని ద్వారా విన్నాడు. ఈనాటి స్టెతస్కోపు అలా పుట్టింది. సిగ్గుపడినవాడు పని మానుకోలేదు. రోగి గౌరవం చెడకుండా పని జరిగే దారి వెతికాడు.

"వేడి చేసింది" అంటే ఏమిటి?

ఇప్పుడు భాష సంగతి. నొప్పికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో మనం గమనించం. పంటి దగ్గర గడ్డ లేస్తే సలుపు. పక్కలో పొడిచినట్టుంటే పోటు. పేగుల్లో నొప్పి వచ్చి పోతూ ఉంటే మెలిపెట్టినట్టు. సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి. రాత్రి పిక్కలు పట్టేస్తాయి. నరం మీద ఒత్తిడి పడితే జివ్వుమని లాగుతుంది. షుగరు ముదిరితే అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మొద్దుబారతాయి. ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ డాక్టరుకు ఒక ఆనవాలు. అన్నింటినీ "నొప్పి" అని ఒకే మాటతో రాసుకున్న విద్యార్థి సగం సమాచారం పోగొట్టుకున్నట్టే.

కొన్ని మాటలు మరీ తికమక పెడతాయి. "వేడి చేసింది" అని మనవాళ్ళు అంటారు. ఒకరికి అది మూత్రంలో మంట, మరొకరికి నోటిపూత, ఇంకొకరికి కళ్ళ మంట. థర్మామీటరు పెట్టి జ్వరం లేదని రాసుకుంటే సరిపోదు. "వేడి చేసిందంటే ఎక్కడ ఎలా ఉందమ్మా?" అని అడగాలి. "కళ్ళు తిరిగాయి" అంటే కంటి జబ్బు కాదు. "ఆయాసం", "నీరసం" ఒకటి కావు. మొదటిది ఊపిరికి సంబంధించినది, రెండోది సత్తువకు సంబంధించినది. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "గ్యాసు పట్టింది" అన్నది. గుండెల మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకుతుంటే దానికి మనం గ్యాసని పేరు పెట్టుకుని సోడా తాగి పడుకోకూడదు. అది గుండెపోటు కావచ్చు. ఆ పేరు మీరు పెట్టకండి, ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి.

2018-19 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు దేశమంతటి విద్యార్థులకు కేటాయిస్తున్నారు. కాబట్టి మీ మంచం దగ్గరికి వచ్చిన పిల్లవాడు రాజస్థాన్ వాడో, కేరళ అమ్మాయో కావచ్చు. వారికి "మీరు", "నువ్వు" తేడా కూడా తెలియకపోవచ్చు. అరవై ఏళ్ళ మనిషిని "నువ్వు ఏం తిన్నావు?" అంటే అది పొగరు కాకపోవచ్చు, భాష రాకపోవడం కావచ్చు. "మీరు అనాలి బాబూ" అని నవ్వుతూ దిద్దండి. అయితే తెలుగు బాగా వచ్చినవారు కూలి పని చేసే రోగిని "నువ్వు" అనీ, మంచి బట్టలు కట్టుకున్న రోగిని "మీరు" అనీ పిలిస్తే అది భాష తప్పు కాదు. ఆ తేడా రోగికి వెంటనే తెలుస్తుంది. అలా పిలిపించుకున్న మనిషి తన కష్టం పూర్తిగా చెప్పడు.

తెలుగు నేర్చుకున్న డాక్టరమ్మ

మన గుంటూరు ప్రాంతంలో ఈ కష్టం మొదట పడినవారిలో ఒకరు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఆమె 1879లో అమెరికాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా పొంది, 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. పంపినవారు మొదట ఆమెను వైద్యం కోసం పంపలేదు. ఆడపిల్లల చదువు, ఇళ్ళలోని స్త్రీలకు బోధన ఆమెకు అప్పగించిన పనులు. కాని పురుష వైద్యుడికి చూపించుకోలేక ఇళ్ళలోనే బాధపడుతున్న స్త్రీలను చూసి ఆమె ఊరుకోలేకపోయారు. 1885లో ఆమెను వైద్య సేవకు నియమించారు. తరువాత ఆమె కట్టించిన ఆస్పత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే గుంటూరులో ఉంది. ఆమె 1930లో చనిపోయారు.

డాక్టరు పట్టా ఆమె వెంట తెచ్చుకున్నదే. తెలుగు మాత్రం ఇక్కడికి వచ్చాక నేర్చుకోవలసి వచ్చింది. పరాయి దేశపు మనిషి, పరాయి వేషం, రాని భాష. ఆ మాట కూడదీసుకోకపోతే పట్టా ఎంత పెద్దదైనా గుమ్మం బయటే ఆగిపోయేది. ఈనాటి విద్యార్థి పడే తొట్రుపాటు అలాంటిదే. దాన్ని చూసి తెలివి తక్కువని అనుకోనక్కరలేదు.

ఇప్పుడు కళాశాలల్లో ఏం నేర్పుతున్నారు?

చాలా కాలం రోగితో మాట్లాడడం ప్రత్యేక పాఠంగా లేదు. పెద్దలను చూసి నేర్చుకోవడమే. మంచి గురువు దొరికితే మంచి మాట, విసుక్కునే గురువు దొరికితే విసుగు అబ్బేవి. 2019లో చేరిన విద్యార్థుల నుంచి దేశమంతటా పాఠ్య ప్రణాళిక మారింది. వైఖరి, వైద్య నీతి, సంభాషణ అనే మూడింటిని కలిపి అన్ని సంవత్సరాల్లోనూ తప్పనిసరిగా నేర్పుతున్నారు. చేరిన కొత్తలో పెట్టే పరిచయ తరగతుల్లో స్థానిక భాష కూడా ఉంటుంది. 2022 నుంచి విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకున్నట్టుగా ఎంచుకుని, చదువు సాగినంత కాలం వారి ఇళ్ళకు వెళ్ళి ఆరోగ్యం గమనిస్తున్నారు. మీ వీధికి అలాంటి పిల్లలు వస్తే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడండి. వార్డులో మంచం మీద చూసిన మనిషిని ఇంట్లో, పొలంలో చూసినప్పుడే జబ్బు వెనక ఉన్న జీవితం వారికి అర్థమవుతుంది.

కష్టమైన వార్త చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. 2000లో క్యాన్సర్ వైద్యులు ఆరు మెట్లుగా దాన్ని రాశారు. ఏకాంతంగా కూర్చోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, చిన్న చిన్న మాటల్లో చెప్పడం, వచ్చే దుఃఖానికి చోటివ్వడం, ఇక ముందు ఏం చేద్దామో కలిసి ఆలోచించడం.

ఇక్కడ మన కుటుంబాలు ఆలోచించవలసిన మాట ఒకటుంది. "నాన్నకు క్యాన్సర్ అని చెప్పవద్దు డాక్టరు గారూ, గుండె ఆగిపోతుంది" అని కొడుకులు, కూతుళ్ళు బతిమాలుతారు. ప్రేమతోనే అంటారు. కాని ఆ తండ్రిని తీసుకువెళ్ళేది క్యాన్సర్ విభాగానికి. గోడ మీద బోర్డు ఉంటుంది, పక్క మంచం వాడు చెబుతాడు. ఆయనకు తెలుస్తుంది. తనకు తెలుసని పిల్లలకు తెలిస్తే బాధపడతారని ఆయన దాస్తాడు. ఒకే ఇంట్లో అందరూ ఒకరి దగ్గర ఒకరు దాచి, ఎవరికి వారే ఏడుస్తారు. పొలం సంగతి, అప్పుల సంగతి, చిన్న కూతురి పెళ్ళి సంగతి చెప్పుకోవలసిన రోజులు అలా గడిచిపోతాయి. ఈ మౌనం మధ్యలో విద్యార్థి నిలబడి ఉంటాడు. "బాబూ, నాకేం జబ్బు?" అని ఆయన అడిగేది పెద్ద డాక్టరును కాదు, చనువుగా మాట్లాడే ఈ పిల్లవాడినే. అతడు అబద్ధం చెప్పకూడదు, తనంతట తాను బయటపెట్టకూడదు. "మీకు ఏం తెలుసుకోవాలని ఉందో చెప్పండి, పెద్ద డాక్టరు గారిని మీ దగ్గర కూర్చోబెడతాను" అనడం సరైన జవాబు. కుటుంబం కూడా ముందుగానే ఆయన్ను అడగడం మంచిది: "నాన్నా, రిపోర్టులు వస్తే డాక్టరు గారు నీకే చెప్పాలా, మాకు చెప్పమంటావా?" నిర్ణయం ఆయనది.

రోగులు, వెంట ఉండేవారు ఏం చేయవచ్చు?

1. పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. "తెల్ల బిళ్ళ, పొద్దున్న ఒకటి" అంటే ఎవరికీ అర్థం కాదు.

2. అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతున్నది ముందు చెప్పండి. తేదీ గుర్తు లేకపోతే సంక్రాంతికి ముందా, ఊడ్పులప్పుడా, కోతలప్పుడా అని గుర్తు తెచ్చుకోండి.

3. దాచకండి. బీపీ బిళ్ళ మానేశారా, నాటు మందు వాడారా, ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకున్నారా, తాగుడు అలవాటుందా, పురుగు మందు కొట్టి వచ్చారా చెప్పండి. తిడతారని భయపడవద్దు. తెలియక ఇచ్చిన మందు తిట్టుకంటే ఎక్కువ హాని చేస్తుంది.

4. రోగి మాట్లాడగలిగితే రోగినే మాట్లాడనివ్వండి. కోడలి బాధ అత్తగారు, భార్య బాధ భర్త చెబితే సగమే తెలుస్తుంది. వారు ముగించాక మీకు తెలిసింది కలపండి.

5. అందరి ముందు చెప్పలేని మాట ఉంటే, "ఒక్క మాట విడిగా చెప్పాలి" అనండి. స్త్రీలు ఆడ డాక్టరు గాని, పక్కన మరో స్త్రీ గాని ఉండాలని అడగవచ్చు.

6. అర్థం కాని మాట వినబడితే అడగండి. మంచం చుట్టూ ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్ళిపోతే, ఆ రాత్రంతా భయపడుతూ పడుకోకండి. "ఇందాక ఏమనుకున్నారు బాబూ?" అని విద్యార్థిని అడగండి. తనకు తెలియకపోతే తెలుసుకుని చెబుతాడు.

7. చివర్లో మీరు విన్నది తిరిగి చెప్పండి: "అంటే ఈ బిళ్ళ అన్నానికి ముందు, ఇది పడుకునేటప్పుడు, అంతేనా?" తప్పుంటే అక్కడే సరిపోతుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యార్థి పరీక్షించడానికి నేను ఒప్పుకోకపోతే వైద్యం ఆపేస్తారా?
ఆపకూడదు. నీరసంగా ఉన్నా, ఇష్టం లేకపోయినా "ఇప్పుడు వద్దు బాబూ, సాయంత్రం రండి" అని గాని, అసలు వద్దని గాని చెప్పవచ్చు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం రోగి గౌరవాన్ని, ఏకాంతాన్ని, అంగీకారాన్ని హక్కులుగా పేర్కొంది.

నా సంగతులు బయట చెబుతారా?
చెప్పకూడదు. రోగి చెప్పింది వైద్యం చేసే బృందం దాటి పోకూడదన్న నియమం విద్యార్థికీ వర్తిస్తుంది. మీ అనుమతి లేకుండా ఫోనులో ఫొటో తీయడమూ తప్పే. తీస్తుంటే వద్దని చెప్పండి.

ఒకే ప్రశ్న ముగ్గురు ఎందుకు అడుగుతారు?
విద్యార్థికి అది పాఠం, నిజమే. మీకూ లాభముంది. మొదటిసారి గుర్తు రానిది మూడోసారి గుర్తుకు వస్తుంది. "అన్నట్టు, కిందటి నెల ఒకసారి రక్తం పడింది" అన్న మాట చాలాసార్లు రెండోసారో, మూడోసారో అడిగినప్పుడే బయటికి వస్తుంది.

మీ ఇంట్లో వైద్య విద్యార్థి ఉంటే

సంఘంలో ఎవరి బిడ్డకైనా మెడికల్ సీటు వస్తే అందరికీ సంతోషమే. సెలవుకు ఇంటికి వచ్చిన వెంటనే ఆ బిడ్డ చుట్టూ చేరి రిపోర్టులు చూపిస్తాం. "ఇంకా తెలియదంటావేమిటి, అంత డబ్బు పోసి చదువుతున్నావు!" అని హాస్యమాడతాం. తెలియదని చెప్పగలగడం మంచి డాక్టరుకు ఉండవలసిన గుణం. దాన్ని ఇంట్లోనే చిన్నబుచ్చితే, రేపు వార్డులో తెలియనిది తెలిసినట్టు చెప్పడం అలవాటవుతుంది.

మార్కులు ఎన్నని అడిగినట్టే, "ఈ వారం ఎవరితో మాట్లాడావు? వాళ్ళ ఇల్లెక్కడ? ఎలా ఉన్నారు?" అని కూడా అడగండి. మొదటిసారి తన కళ్ళ ముందు రోగి చనిపోయిన రోజు ఆ పిల్లవాడు ఇంటికి ఫోను చేస్తే, "డాక్టరువి, ధైర్యంగా ఉండాలి" అని తొందరగా ముగించకండి, కాసేపు వినండి. తన బాధ విన్నవారు ఉంటే, అతడూ ఇతరుల బాధ వినగలుగుతాడు. పల్లెటూరిలో పెరిగిన పిల్లలకు ఒక మాట: మీ అమ్మమ్మ మాటలు, మీ ఊరి మాటలు మీ దగ్గర ఉన్న ఆస్తి. ఇంగ్లీషు నేర్చుకోండి గాని వాటిని దాచుకోకండి. సలుపుకూ పోటుకూ తేడా తెలిసిన డాక్టరు మన ఊళ్ళకు కావాలి.

చివరిగా ఒక మాట. మాట్లాడడం చేత్తో చేసే పని లాంటిదే, చేస్తేనే వస్తుంది. సూది వేయడం బొమ్మ మీద నేర్చుకోవచ్చు. బాధలో ఉన్న మనిషితో మాట్లాడడం మాత్రం చివరికి బాధలో ఉన్న మనిషి దగ్గరే నేర్చుకోవాలి. మీరు ఓపికగా చెప్పిన పది నిమిషాలు, మీరు దిద్దిన ఒక్క మాట, ఆ పిల్లవాడు ముందు ముందు చూడబోయే వేలమంది రోగులకు చేరుతుంది. ఈసారి తెల్లకోటుతో ఒక చిన్న డాక్టరు వచ్చి బెరుకుగా మీ మంచం పక్కన నిలబడితే, వీలైతే స్టూలు చూపించి "కూర్చో బాబూ" అనండి. ఆ తరువాత చెప్పవలసింది దాచకుండా చెప్పండి.